చెట్టు పడని కాలు

స్కానింగు గది తలుపు సగం తెరిచి ఆకుపచ్చ అంగీ మనిషి "పేషెంటు కాల్లో రాడ్డుంది, అదెందుకు వేశారండీ?" అని అడగడమూ, అత్త బంగారమ్మ "తిత్లీ తుపానులో కొబ్బరిసెట్టు పడింది బాబూ" అని చెప్పడమూ ఒకేసారి జరిగినట్టనిపించింది సౌజన్యకి. ప్రశ్న ఇంకా పూర్తవలేదు, జవాబు ముందే వచ్చి గుమ్మంలో నిలబడింది. మిగతా ఏ సంగతికీ అత్త అంత తొందరగా బదులివ్వదు. టీ తాగుతావా అత్తా అని అడిగినా కాసేపు చెంగు సర్దుకుని, వీధివైపు చూసి, అప్పుడు గాని ఔననో వద్దనో అనదు. అలాంటి మనిషి నోట్లో ఈ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ చిలకలు చుట్టి పెట్టుకున్న తమలపాకులా సిద్ధంగా ఉంటుంది. ఆకుపచ్చ అంగీ మనిషి తలూపి తలుపేసుకున్నాడు. తలుపు సందులోంచి చల్లగాలి, దాంతోపాటు మందుల వాసన వచ్చి ఆగిపోయాయి. లోపల ఆ గుండ్రటి మిషను నోట్లో పడుకుని ఉంటాడు తన మొగుడు ఢిల్లీబాబు. ఊపిరి బిగబట్టమంటే బిగబడతాడు, వదలమంటే వదులుతాడు. ఎవరేం చెప్పినా చేస్తాడు. అడిగినదానికి మాత్రం నేరుగా చెప్పడు. ఇతనికి ఆ గుణం తల్లినించి వచ్చిందా, లేక ఇద్దరూ కలిసి నేర్చుకున్నారా? సౌజన్య పక్కకి చూసింది. అత్త కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. జపమా, చెప్పిన మాటని మళ్ళీ సరిచూసుకోవడమా?

పెళ్ళిచూపుల్లోనూ ఇదే మాట. కాస్త కుంటుతూ వచ్చి కుర్చీలో కూర్చున్న పెళ్ళికొడుకుని చూసి నాన్న మొహం చిన్నబోయింది. అప్పుడు అత్త, ఎవరూ అడక్కుండానే, తిత్లీలో సెట్టు పడింది బావుగారూ అంది. అంతే, నాన్న కళ్ళు చెమర్చాయి. నందిగాంలో నాన్న జీడితోట ఆ గాలికే వేళ్ళతో సహా లేచి పడుకుంది, తాత చేత్తో వేసిన చెట్లు. ఆ గాలి పేరు ఎత్తితే ఉద్దానంలో ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ప్రతి ఇంటికీ ఒక చెట్టో, ఒక పాకో, ఒక పశువో పోయింది. పోగొట్టుకున్నవాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని పరీక్ష చెయ్యరు. నాన్న అలాగే నమ్మేశాడు. నమ్మడమేమిటి, తన తోటా ఇతని కాలూ ఒకే గాలికి పోయాయని ఏదో బంధుత్వం కలుపుకున్నాడు. ఇప్పుడు ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే సౌజన్యకి అనిపిస్తోంది, ఆ మాటని అందుకే ఎంచుకున్నారేమో. రోడ్డు మీద బండి గుద్దిందంటే ఏ బండి, ఏ జంక్షన్, కేసు పెట్టారా అని అడుగుతారు. మేడ మీంచి పడ్డాడంటే ఏ మేడ అంటారు. తిత్లీ అంటే తల వంచుకుంటారు.

మరి చెట్టు పడితే మచ్చ అంత తిన్నగా ఎలా ఉంటుంది? తొడ మధ్యనించి మోకాలు దాటి కిందకి, స్కేలు పెట్టి గీసినట్టు. పెళ్ళైన కొత్తలో ఆ మచ్చ మీద వేలు పెట్టి, చెట్టు చాలా జాగ్రత్తగా పడిందే బావా అంది సరదాకి. అతను నవ్వలేదు, లుంగీ కిందకి లాక్కున్నాడు. ఇంకొక మచ్చ ఉంది, ఛాతీ పైన, మెడ ఎముక కింద, వేలికొస అంత. చిన్నప్పటి సెగ్గెడ్డ అన్నాడు. అత్తని వేరేగా అడిగితే చిన్నప్పుడు గేదె పొడిచిందంది. ఒక మచ్చకి ఇద్దరు రెండు కథలు చెప్పారంటే అసలు కథ మూడోది అన్నమాట. ఇక ఏడాదికోసారి విశాఖపట్నం ప్రయాణం. రాడ్డు చూపించుకోవాలంటాడు, తల్లినే తీసుకెళ్తాడు. నేనూ వస్తానంటే పాపతో ఎందుకు, ఎండ, రద్దీ. మొదట్లో అక్కడెవరో ఆడమనిషి ఉందనుకుంది సౌజన్య. చొక్కాలు వాసన చూసింది, జేబులు వెతికింది. తల్లిని వెంటబెట్టుకుని ఎవరైనా అలాంటి పనికి వెళ్తారా అని తనకి తనే నవ్వుకుంది. చొక్కాకి మాత్రం ఎప్పుడూ ఒకటే వాసన, సూది గుచ్చేముందు దూదితో రుద్దే స్పిరిటు వాసన. రాడ్డు చూడ్డానికి సూదెందుకు? ఆ తర్వాత సింహాచలంలో పాపకి పుట్టువెంట్రుకలు తీయించినరోజు. మంగలి కత్తి ఆడుతోంది, సంజన ఏడుస్తోంది, అందరూ నవ్వుతున్నారు. ఇతను మాత్రం కుంటుకుంటూ స్తంభం వెనక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళి చూస్తే రెండు చేతులతో తన జుట్టు గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏటైంది బావా అంటే, పాప ఏడుత్తంటే సూడ్లేనన్నాడు. అబద్ధం కాకపోవచ్చు. కానీ తన జుట్టెందుకు పట్టుకున్నాడు?

ఫ్యాను టకటక కొట్టుకుంటోంది. బయట టెక్కలి మెయిన్ రోడ్డు మీద ఆటోలవాళ్ళు నందిగాం, నందిగాం అని అరుస్తున్నారు. ఆ మాట వినగానే పాప గుర్తొచ్చింది, అమ్మ దగ్గర ఏం చేస్తోందో. మళ్ళీ మనసు వెనక్కి వెళ్ళి ఆ ఎర్రటి మూత్రం దగ్గర ఆగింది. బాత్రూంలో నీళ్ళు సరిగ్గా పోయలేదతను, తెల్లటి పింగాణీ మీద గులాబి రంగు. అదేటి బావా అంటే బీట్‌రూట్ తిన్నాను అన్నాడు. ఆ వారం ఇంట్లో బీట్‌రూట్ ఎవరు వండారు? వండేది తనే కదా. గట్టిగా అడిగితే పలాస బయల్దేరదీసింది తల్లే, సౌజన్య కూడా వెంట వెళ్ళింది. ఉద్దానంలో మూత్రం రంగు మారితే అందరి గుండె ముందు కిడ్నీ దగ్గరికే పరిగెడుతుంది. మావ ఆ జబ్బుతోనే పోయాడు, పక్కింటివాళ్ళూ అలాగే, నీళ్ళలో ఉందంటారు కొందరు, మట్టిలో ఉందంటారు ఇంకొందరు. ఆవేళ పలాసలో డాక్టరు కడుపు మీద మిషను తిప్పి, ఇదివరకేమైనా పెద్ద జబ్బు చేసిందా అని అడిగాడు. ఇతను లేదన్నాడు. చెట్టు పడ్డ కాలు తప్ప ఏమీ లేదన్నాడు. డాక్టరు తెర మీద తెల్లటి చుక్క చూపించి కిడ్నీలో రాయిలా ఉందన్నాడు. అప్పుడు చూడాలి ఆ తల్లీకొడుకుల మొహాలు! అత్త రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఇతను ఫెయిలైపోయాననుకున్న పరీక్ష పాసైనవాడిలా నవ్వాడు. రాయి వచ్చిందని ఎవరైనా అంత సంబరపడతారా? ఏది తప్పిందని ఆ సంబరం? ఆవేళనించీ పొద్దున్నే ఉలవకట్టు, సాయంత్రం అరటిదవ్వ రసం. ముక్కు మూసుకోకుండా, మొహం చిట్లించకుండా, ఇష్టంగా తాగేవాడు. రెండు నెలలు గడిచాయి, రాయి పడలేదు. రక్తం ఎక్కువైంది. నడుం పట్టుకుని వంగిపోతున్నాడు. టెక్కలిలో పెద్ద స్కాను ఉందట, పదండి అని సౌజన్యే పట్టుబట్టింది. ఎందుకే, ఇంకొన్నాళ్ళు తాగితే కరిగిపోతాది అంది అత్త. ఆ గొంతులో ఉన్నది పిసినారితనం కాదు, భయం. ఏటి భయం?

అప్పుడు, సరిగ్గా నిన్న, మంచినీళ్ళ ట్యాంకు దగ్గర వెనకింటి కామాక్షమ్మ. బిందె కింద పెట్టి, మీ ఆయనకేటి నొప్పటగా అని పరామర్శించింది. సౌజన్య మామూలుగానే అంది, తిత్లీలో చెట్టు పడ్డప్పట్నించి ఆయనకేదో ఒకటి వస్తానే ఉంది పెద్దమ్మా అని. కామాక్షమ్మ నవ్వింది.

"తిత్లీ రేతిరి నీ మొగుడు ఊర్లో ఎక్కడున్నాడే? మాం అందరం బళ్ళో దాక్కున్నాం. మీ అత్తని నానే రెక్కట్టుకుని లాక్కెల్లినాను, నా కొడుకో నా కొడుకో అని ఏడుపు. ఆడప్పుడు ఇశాపట్నంలో..."

అక్కడ ఆగిపోయింది. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. "విశాఖపట్నంలో ఏటి పెద్దమ్మా?" అంటే "ఏమోనమ్మా, సదువనుకుంటాను, నాకేటి గ్యాపకం" అని సగం నీళ్ళు ఒలకబోసుకుంటూ వెళ్ళిపోయింది. అంటే ఊరికి తెలుసు. వెనకింటికి తెలుసు, ముందింటికి తెలిసే ఉంటుంది. తను బిందెతో వస్తే ట్యాంకు దగ్గర మాటలు ఆగిపోయేది ఇందుకా? కొత్త కోడలని మర్యాద అనుకుంది ఇన్నాళ్ళూ. చెట్టు పడని కాలికి రాడ్డెందుకు వేస్తారు, గుండు చూస్తే తన జుట్టెందుకు పట్టుకుంటాడు, మెడ కింద సూది మచ్చెందుకు? ఒక మాట మనసు అంచులదాకా వచ్చి నిలబడింది. దాన్ని చూడకుండా సౌజన్య గోడ మీద గర్భిణీ స్త్రీల బొమ్మ వైపు చూసింది, నీళ్ళ డబ్బా వైపు చూసింది, అత్త కాళ్ళ వైపు చూసింది. అత్త బొటనవేలు నేలని అదేపనిగా రాస్తోంది.

"ఢిల్లీబాబు తాలూకు ఎవరండీ?" అని పిలుపు. అత్త ముందు లేచింది. "నువ్వు కూకో, నానెల్తాను." సౌజన్య కూర్చోలేదు.

డాక్టరు చిన్న గదిలో, చీకటిలో, వెలుగుతున్న తెర ముందు ఉన్నాడు. వయసులో ఉన్నవాడే, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని తెరకేసి అలాగే చూస్తున్నాడు. కూర్చోమని కూడా అనలేదు. "ఇది రాయి కాదమ్మా" అన్నాడు. "రాయి గొట్టంలో ఉంటుంది. ఇది కిడ్నీ కండలోనే పెరుగుతోంది. ఇంత తెల్లగా, ఎముకలా. కిడ్నీలో ఎముకెందుకు పెరగాలి?" ఆ ప్రశ్న వాళ్ళని కాదు, తనని తను అడుక్కుంటున్నట్టుంది. తర్వాత ఇటు తిరిగాడు. "ఆ కాలికి నిజంగా దెబ్బ తగిలే ఆపరేషన్ చేశారా? ఎముకలో గడ్డలాంటిదేమైనా ఉండేదా?"

"నేదు బాబూ" అంది బంగారమ్మ.

"ఉంది" అంది సౌజన్య.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. తెలిసి అన్నది కాదు. గడియ ఉందో లేదో తెలియని తలుపుని చీకట్లో తోసినట్టు తోసింది, అంతే. అత్త గిరుక్కున తిరిగింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"నీకెవులు సెప్పేరే?"

ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వే చెప్పావు అత్తా అనుకుంది సౌజన్య.  పెళ్ళైన మూడేళ్ళుగా మూసి ఉన్న తలుపు ఇంత తేలిగ్గా తెరుచుకుంటే లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదు. డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఫోను తీసి లోపలి మనిషితో "అతన్ని లేపకు, ఛాతీ కూడా తియ్యాలి" అన్నాడు. తర్వాత మెల్లగా, "బయట కూర్చోండమ్మా" అన్నాడు.

ఈసారి కుర్చీల్లో ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. బంగారమ్మ నేల చూస్తూ, నేలతోనే చెప్పింది. "ఇరవయ్యేళ్ళైనా నిండలేదే ఆడికప్పుడు. మోకాలికాడ వాచితే వాలీబాల్లో దెబ్బనుకున్నాం. ఇశాపట్నంలో ఎముకలో కేన్సరన్నారు. కాలు తీసీయాలన్నారు, తరవాత అక్కల్లేదన్నారు, ఎముక కోసీసి రాడ్డెట్టినారు. మెడ కింద గొట్టమెట్టి మందులెక్కిత్తే తలంతా బోడైపోనాది. ఆడి మొకం సూడ్లేక నాను అద్దం దాసీసినాను. ఆ తరవాత బాగైపోనాది. ఏటేటా సూపిత్తే బాగుందనే అన్నారు. అయిపోయినదాని పేరెందుకనుకున్నాను. ఆ పేరు సెప్తే ఎవులు పిల్లనిత్తారు?"

"పిల్లనివ్వకపోతే పోయేది. డాక్టరుకైనా సెప్పాల కదా అత్తా. రెండు నెల్లు ఉలవకట్టు తాగించేం."

"కాల్లోది కిడ్నీలోకి ఎలాగెల్తాదే? ఎక్కడి కాలు, ఎక్కడి కిడ్నీ! మీ మావది సూసేను గదా, ఆ జబ్బేమోనని భయపడ్డాను. రాయనగానే బతికిపోనాం అనుకున్నాను."

అబద్ధమా, నిజమా? ఈ కన్నీళ్ళలో ఎంత కొడుకు కోసం, ఎంత పట్టుబడిపోయినందుకు? సౌజన్య వాటిని కూడా అనుమానంగానే చూసింది. తన మీద తనకే అనుమానం వచ్చింది, ఈ క్షణంలో కోపం రావాలా, ఏడుపు రావాలా? రెండూ రావడం లేదేమిటి? అప్పుడే చెప్పి ఉంటే చేసుకునేదాన్నా? లేదు. ఆ జవాబు వెంటనే వచ్చింది, అత్త జవాబంత తొందరగా. మరి చేసుకోకపోతే సంజన ఎక్కడిది? పొద్దున్నే కొబ్బరిబొండం కొట్టి ఇచ్చి, లోపలి మీగడ మాత్రం దాచి, నేను తాగేదాకా కనిపెట్టుకుని ఆఖరికి తినిపించే ఈ మనిషి ఎక్కడివాడు? అదంతా ప్రేమే అనుకున్నాను, తప్పు చేసినవాడి మెతకదనమేమో. ఇక ప్రతీదాన్నీ తిరగేసి అడుగు చూడాలి కాబోలు.

డాక్టరు మళ్ళీ పిలిచినప్పుడు అత్త లేవలేదు. సౌజన్య ఒక్కతే వెళ్ళింది. ఊపిరితిత్తులు ఇప్పటికి శుభ్రంగానే ఉన్నాయన్నాడు. "ఎముకలో పుట్టింది మళ్ళీ వస్తే ముందు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది మామూలుగా, లేకపోతే ఇంకో ఎముకలోకి. కిడ్నీలోకి రావడం చాలా అరుదు. నేను చదివానే గాని చూడలేదు. ఎక్కడికి వెళ్ళినా అది తన పాత పని మానదమ్మా, అక్కడ కూడా ఎముకలాంటిదే కడుతుంది. అందుకే రాయిలా కనపడింది. కాలి సంగతి తెలిస్తే పలాసలోవాళ్ళూ ఊరుకునేవారు కాదు. ముక్క తీసి పరీక్ష చేస్తే గాని ఖాయంగా చెప్పకూడదు. అప్పుడు వైద్యం చేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళండి, ఇవాళే బయల్దేరండి. ఆ ఒక్కచోటే ఉంటే తీసేస్తారు, ఆశ ఉంటుంది." ఆ ఒక్కచోటే ఉంటే. ఆ మాటని పట్టుకునే సౌజన్య బయటికొచ్చింది.

ఢిల్లీబాబు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు, మణికట్టు మీద ప్లాస్టరు. తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, మధ్యలో ఖాళీ కుర్చీని చూసి అందులో కూర్చున్నాడు.

"తెలిసిపోనాదా?" అన్నాడు.

"నీకెప్పుడు అనుమానం వచ్చింది?"

"మొదటి రోజే. ఆ రంగు సూడగానే."

"మరి లేదన్నావు. డాక్టరు ముందు, నా ముందు. నవ్వుకుంటా ఉలవకట్టు తాగేవు."

అతను ప్లాస్టరు అంచు గోటితో లేపుతూ అన్నాడు. "రాయన్నాడే డాక్టరు. ఆ మాట ఎంత బాగుందో నీకు తెలీదు సౌజన్యా. అందరికీ వచ్చే రాయి. పెద్ద డాక్టరు రాయంటే కాదండానికి నానెవుణ్ణి? రోజూ గ్లాసెత్తుతుంటే నిజంగానే రాయేమో అనిపించేది."

బస్ కాంప్లెక్సులో విశాఖపట్నం బస్సు స్టార్టు చేసి ఉంది. అటుపక్క రోడ్డు మీద నందిగాం ఆటో, ఇద్దరు ఎక్కితే కదిలిపోతుంది. సౌజన్య రెంటికీ మధ్య నిలబడి అమ్మకి ఫోను చేసింది. రాయి కాదమ్మా అని మొదలుపెట్టి, కాలి సంగతి, కేన్సరు సంగతి, అన్నీ చెప్పేసింది, ఒక్క మాటా మింగకుండా.  అవతల సంజన గిన్నె మీద గరిటె కొడుతోంది.

"మోసం సేసినారే" అంది అమ్మ. "ఆటో ఎక్కి ఒచ్చీ. మీ నాన్నతో నాను మాటాడతాను."

"పాపకి అన్నం పెట్టమ్మా. నేను విశాఖపట్నం వెల్తన్నాను."

"ఎందుకెల్తావే, ఇంత సేసినోళ్ళతో?"

"వీళ్ళిద్దరినీ ఒగ్గేస్తే అక్కడ డాక్టరుకి నిజం సెప్పరమ్మా" అంది సౌజన్య.

బస్సు టెక్కలి దాటాక అత్త ముందు సీట్లో కిటికీకి తల ఆనించుకుంది. కోటబొమ్మాళి దగ్గర ఎండ అటువైపు మళ్ళింది. పక్కన కూర్చున్న మొగుణ్ణి సౌజన్య అడుగుతూనే ఉంది, ఏ వార్డు, ఏ నెల, ఎవరెవరు వచ్చారు, మందు ఎక్కినప్పుడు ఎలా ఉండేది. ఒకసారి అడిగినదాన్నే కాసేపాగి తిప్పి అడుగుతోంది, జవాబు మారుతుందేమోనని. మారలేదు. తిత్లీ రాత్రి ఎక్కడున్నావు అంది. వార్డులో, టీవీ ముందు అన్నాడు. "మందెక్కుతోంది. టీవీలో పలాస అంటన్నారు, ఉద్దానం అంటన్నారు, సెట్లన్నీ పడున్నాయి. అమ్మ బట్టలకని రెండ్రోజుల ముందే ఊరెల్లింది. ఫోను కలవలేదు. తెల్లారీ కలవలేదు, మర్నాడూ కలవలేదు. సావాల్సినోణ్ణి నానిక్కడ పరుపు మీదున్నాను, ఆల్లందరూ పోయి నానొక్కణ్ణే మిగిలిపోతానేమో అనుకున్నాను. నర్సమ్మ సెలైను పీకీసుకుంటానేమోనని సెయ్యి కట్టీసింది." చెప్పడం ఆపి కిటికీలోంచి చూశాడు. ఇది నిజమేనని సౌజన్య ఒళ్ళే నమ్మింది, మనసు ఇంకా సందేహిస్తూండగానే.

నిమ్మాడ దాటింది. అతను కళ్ళు మూసుకున్నాడు. సౌజన్య అతన్ని చూడ్డం మొదలుపెట్టింది. మూడేళ్ళుగా చూస్తున్న మనిషే. మెడ, చెవి తమ్మె, మణికట్టు మీద పుట్టుమచ్చ, చిటికెన వేలి దగ్గర గట్టిపడ్డ చర్మం. కాల్లోంచి కిడ్నీలోకి వెళ్ళగలిగింది ఇంకెక్కడికి వెళ్ళలేదు? ఆ పుట్టుమచ్చ పెళ్ళప్పుడు ఇంత ఉందా? ఈ వేలు ఇలాగే ఉండేదా? ఇక ఈ ఒంట్లో ఏ మూలనీ నమ్మడానికి లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి అతని మోచెయ్యి తడిమింది, భుజం నొక్కింది. అతను కళ్ళు తెరిచాడు.

"ఏటి సూత్తన్నావు?"

"ఇంకెక్కడైనా నొప్పుందా? ఉంటే ఇప్పుడే సెప్పు బావా. నన్ను కాపాడ్డానికని దాయకు."

అతను లేదనడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ముందు సీటువైపు, తల్లి తలవైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"కుడి దవడ. కొన్నాళ్ళై నమల్తంటే లాగుతోంది. పన్నేమో."

 సౌజన్య చెయ్యెత్తి అతని చెంప మీద పెట్టి, రెండు వేళ్ళతో దవడ అంచు పట్టుకుని మెల్లగా నొక్కింది.

"ఇక్కడా?"

"కాదు. ఇంకొంచెం ఎనక్కి. సెవి దగ్గర."